పాత లగ్జరీ సెడాన్ కొనేముందు ఇంజిన్ విషయంలో చూడవలసినవి

మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుందాం. 2013లో తయారై 1,10,000 కిలోమీటర్లు తిరిగిన రెండు లీటర్ల డీజిల్ బీఎండబ్ల్యూ 3 సిరీస్ ఒకటి, 2011 నాటి రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఆడీ ఏ4 ఒకటి మీ పరిశీలనలో ఉన్నాయి. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ను క్రాంక్‌షాఫ్ట్‌తో పొంతనగా తిప్పడానికి రెండిటికీ బెల్టు కాక టైమింగ్ చైన్ ఉంది కాబట్టి దాన్ని జీవితకాలం ముట్టుకోనక్కరలేదని అమ్మేవారు ఇద్దరూ చెబుతున్నారు. వీటిలో దేన్ని నమ్మవచ్చు, లేక రెండూ వదిలేసి ఇంకేదైనా చూడాలా అని అడిగారు. ఇలాంటి ఇంజిన్లను విప్పి బిగించే పనిలో చాలా ఏళ్లు గడిపాను కాబట్టి ఒక మాట ముందే చెబుతాను: ఆ రెండు ఇంజిన్లలోనూ మీరు భయపడవలసింది సరిగ్గా ఆ చైన్ గురించే.

అసలు "బీఎండబ్ల్యూ మంచిదా, ఆడీ మంచిదా, మెర్సిడెస్ మంచిదా" అనే ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పుతాం. బానెట్ మీది గుర్తుకు నమ్మకంతో సంబంధం చాలా తక్కువ. చూడవలసింది ఇంజిన్ కోడ్, ఆ ఇంజిన్ తయారైన తేదీ, అది ఇన్నేళ్లూ తాగిన ఆయిల్. మీరు చూస్తున్న ఎఫ్30 తరం 3 సిరీస్‌నే తీసుకోండి. మొదటి బళ్లలో డీజిల్‌కు ఎన్47, పెట్రోల్‌కు ఎన్20, ఆరు సిలిండర్ల పెట్రోల్‌కు ఎన్55 ఇంజిన్లు వచ్చాయి. 2015 ప్రాంతంలో అదే బాడీలోకి బి47, బి48, బి58 ఇంజిన్లు వచ్చి చేరాయి. బయటి నుంచి చూస్తే దీపాల ఆకారం తప్ప పెద్ద తేడా కనిపించదు గానీ, లోపల ఉన్నది వేరే తరం. అందువల్ల ఛాసిస్ నంబరు తీసుకుని ఇంజిన్ కోడ్, తయారైన నెల తెలుసుకున్న తరువాతే బండి చూడటానికి వెళ్లండి. రిజిస్ట్రేషన్ తేదీ సరిపోదు, ఎందుకంటే బండి ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చి ఏడాది నిలబడి ఉండవచ్చు.

ఇక చైన్ సంగతి. చైన్ "సాగుతుంది" అని అందరూ అంటారు గానీ, నిజానికి ఇనుము సాగదు. లింకులను కలిపే పిన్నులు, వాటి చుట్టూ ఉండే గొట్టాలు అరుగుతాయి. ఒక్కో లింకులో వెంట్రుకవాసి అరిగినా, వంద పైచిలుకు లింకుల అరుగుదల కలిస్తే చైన్ మొత్తం మీద పొడవు పెరిగినట్టే అవుతుంది. ఆ వదులును పీల్చుకోవడానికి ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనర్ ఉంటుంది. చైన్ పక్కలకు ఊగకుండా ప్లాస్టిక్ గైడ్లు ఉంటాయి. ఆయిల్ సకాలంలో మార్చని బండిలో, ముఖ్యంగా మసి కలిసిన డీజిల్ ఆయిల్‌లో, ఈ పిన్నులు గరుకు కాగితం మీద రుద్దినట్టు అరుగుతాయి. గైడ్ల ప్లాస్టిక్ వేడికి ఏళ్ల తరబడి ఎండి పెళుసెక్కుతుంది. చివరికి చైన్ ఒక పన్ను జారితే, ఈ తరం ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. ఆ దెబ్బ తరువాత రిపేరు అనే మాట పక్కన పెట్టి వేరే ఇంజిన్ వెతుక్కోవలసి వస్తుంది.

2007లో వచ్చిన ఎన్47లో ఈ కష్టం రెట్టింపు. దాని చైన్ ఇంజిన్ ముందు భాగంలో కాక వెనుక, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. వెనుక పెట్టడంలో తెలివి లేకపోలేదు. ఫ్లైవీల్ దగ్గర క్రాంక్‌షాఫ్ట్ మెలిక కంపనాలు తక్కువ, ముందు వైపు ఇంజిన్ ఎత్తూ తగ్గుతుంది. కానీ మెకానిక్ వైపు నుంచి చూస్తే ఇది శిక్షే, ఎందుకంటే చైన్ అంతా మార్చాలంటే ఇంజిన్ దింపడమో, గేర్‌బాక్స్ విప్పడమో తప్పదు. భాగాల ఖర్చు కంటే కూలి ఎన్నో రెట్లు పెరుగుతుంది. 2011కు ముందు వచ్చిన ఎన్47లకు మరీ చెడ్డ పేరు ఉంది. మీ 2013 బండిలో గండం తగ్గిందేగాని పోలేదు. తరువాతి బి47లోనూ చైన్ వెనుకనే ఉంది, అయితే దాని నడవడి నా అనుభవంలో మెరుగ్గానే ఉంది. మెర్సిడెస్ సి, ఇ క్లాసుల్లో 2008 నుంచి వాడిన ఓఎం651 అనే 2,143 సీసీ డీజిల్‌కూ చైన్ వెనుక వైపే ఉంటుంది కాబట్టి అది చూసినా ఇదే జాగ్రత్త పాటించాలి.

ఆడీలో ఉన్నది ఇఎ888 అనే ఇంజిన్ కుటుంబంలో రెండో తరం. దీని జబ్బులు రెండు, రెండూ పెద్దవే. మొదటిది టెన్షనర్. ఇంజిన్ ఆగి ఆయిల్ ఒత్తిడి పోయినప్పుడు టెన్షనర్ వెనక్కి జారకుండా పట్టి ఉంచే పళ్ల మీట తొలి డిజైన్లో బలహీనంగా ఉండేది. అది పట్టు వదిలితే చైన్ ఒక్కసారిగా వదులై, తరువాత స్టార్ట్ చేసిన క్షణంలోనే పన్ను జారే ప్రమాదం ఉంటుంది. వాలులో గేర్‌లో నిలిపిన బండి కొద్దిగా వెనక్కి కదిలినా అదే ప్రమాదం. తరువాత మార్చిన టెన్షనర్ వచ్చింది. ఈ కుటుంబంలోని చాలా ఇంజిన్లలో టైమింగ్ కవరుకు ఉన్న చిన్న రబ్బరు మూత తీసి, సన్నని కెమెరా దూర్చి, టెన్షనర్ పాతదా కొత్తదా అని, అది ఎన్ని గీతల మేర బయటికి వచ్చిందని చూడవచ్చు. గీతలు ఎక్కువగా కనిపిస్తే చైన్ అరుగుదల ముదిరినట్టు. రెండో జబ్బు ఆయిల్ తాగడం. పిస్టన్ ఆయిల్ రింగుల దగ్గర ఆయిల్ కిందికి దిగే రంధ్రాలు సన్నగా ఉండి కార్బన్‌తో మూసుకుపోతాయి, ఆపైన రింగు గోడ మీది ఆయిల్‌ను గీకి దింపలేదు. 1,000 కిలోమీటర్లకు లీటరు వరకు తాగిన బళ్లు ఉన్నాయి. సరైన మందు పిస్టన్లు, రింగులు మార్చడమే. "అరలీటరు వరకు మామూలే అని కంపెనీ పుస్తకంలోనే ఉంది" అని అమ్మేవారు అంటే, ఆ మాట నిజమే. ఆ పుస్తకం అరలీటరును అనుమతిస్తుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ అంత తాగదు కాబట్టి ఆ మాటను మీరు హామీగా కాక హెచ్చరికగా వినాలి.

ఇక్కడ కంటితో చూసిన ఒకటి చెబుతాను. ఏ కంపెనీదో అనవసరం. కుడిపక్క తలుపు మీద చిన్న గీత తప్ప కొత్త బండిలాగే మెరుస్తున్న టర్బో పెట్రోల్ సెడాన్ ఒకటి, కొనబోయే ముందు చూడమని తీసుకువచ్చారు. మధ్యాహ్నం వేడి ఇంజిన్‌తో విన్నప్పుడు ఏ శబ్దమూ లేదు. ఆయిల్ ఫిల్టర్ తీసి, కాగితం మడతలను కోసి తెల్లటి గుడ్డ మీద పరిచాను. నాలుగో మడతలో గోరుముక్కంత గోధుమరంగు ప్లాస్టిక్ ముక్క, దాని పక్కన మరో రెండు చిన్నవి కనిపించాయి. అవి ఫిల్టర్ భాగాలవి కావు, చైన్ గైడ్‌వి. యజమానికి ఆ సంగతి తెలియదు, ఆయన మోసం చేయాలని అనుకోనూ లేదు. ఆ బండిని కొనలేదు. తరువాత మరొకరు తక్కువ ధరకు తీసుకుని ఆయిల్ పాన్ దింపినప్పుడు, పంపు ఆయిల్ పీల్చుకునే జల్లెడ సగం వరకు అవే ముక్కలతో నిండి ఉందని తెలిసింది. జల్లెడ మూసుకుపోతే చైన్ తెగకముందే ఆయిల్ అందక బేరింగులు పోతాయి. ఫిల్టర్ కోసి చూడటానికి పావుగంట పడుతుంది. అమ్మేవారు ఒప్పుకుంటే, కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్ మీరే తీసుకువెళ్లి వేయించినా సరే, ఈ పరీక్ష చేయించండి. ఒప్పుకోకపోవడం కూడా ఒక జవాబే.

ఈ గైడ్ల సమస్య ఎక్కువగా వినిపించే ఇంజిన్ బీఎండబ్ల్యూ ఎన్20. 2011లో వచ్చిన ఈ నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్‌లో చైన్ గైడ్లే కాక, ఆయిల్ పంపును తిప్పే చిన్న చైన్ కూడా ఇబ్బంది పెట్టింది. వేగం పెంచినప్పుడు ఇంజిన్ ముందు నుంచి సన్నని ఈల వినిపిస్తే ఈ చైన్లను అనుమానించాలి. తరువాత భాగాలు మార్చారు, అమెరికాలో వారంటీనీ పొడిగించారు. కాబట్టి ఎన్20 చూస్తే తయారైన తేదీ, లేదా గైడ్లు మార్చిన బిల్లు, ఈ రెండిటిలో ఒకటి తప్పక అడగాలి.

మెర్సిడెస్ వైపు ఓఎం651లో తొలి ఏళ్లలో ఇంధనం చిమ్మడానికి వాడిన పైజో రకం ఇంజెక్టర్లు పెద్ద సంఖ్యలో పాడయ్యాయి, ఆ తరువాత విద్యుదయస్కాంతంతో పనిచేసే సోలెనాయిడ్ ఇంజెక్టర్లకు మారారు. వీ6 డీజిల్ అయిన ఓఎం642 నాకు ఇష్టమైన ఇంజిన్, సరిగా చూసుకుంటే చాలా దూరం నడుస్తుంది. అయితే దాని ఆయిల్ కూలర్ రెండు సిలిండర్ల వరసల మధ్య లోయలో, టర్బో కింద కూర్చుని ఉంటుంది. అక్కడి నారింజరంగు రబ్బరు సీళ్లు వేడికి గట్టిపడి కారుతాయి. ఆయిల్ లోయలోంచి వెనక్కి జారి గేర్‌బాక్స్ కలిసే చోట చుక్కలుగా పడుతుంది కాబట్టి, తెలియని మెకానిక్ క్రాంక్ వెనుక సీలు పోయిందని అక్కడ విప్పుతాడు. తరువాత వచ్చిన ఊదారంగు సీళ్లు ఎక్కువకాలం నిలుస్తాయి. సీలు అరచేతిలో ఇమిడేంత చిన్నదే, దాన్ని చేరడానికి మాత్రం ఇంజిన్ పైభాగమంతా విప్పాలి. పెట్రోల్ వైపు 1.8 లీటర్ల ఎం271లో చైన్, క్యామ్ పళ్ల చక్రాలు అరుగుతాయి. వీ6 ఎం272 తొలి ఇంజిన్లలో కంపనాలు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్ట్ పళ్ల చక్రం, వీ8 ఎం273 తొలి వాటిలో దాని స్థానంలో ఉండే పళ్ల చక్రం మెత్తని లోహంతో వచ్చి ముందే అరిగిపోయాయి. ఆ పని చేయాలన్నా ఇంజిన్ దింపాల్సిందే. ఈ రెండిటిలో ఒకటి చూస్తే ఇంజిన్ నంబరుతో అది మార్పుకు ముందుదా తరువాతిదా అని నిర్ధారించుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

వీ8లలో, ముఖ్యంగా టర్బోలు రెండు వరసల మధ్య లోయలో పెట్టిన వాటిలో, వేడే అసలు శత్రువు. బీఎండబ్ల్యూ ఎన్63 ఆ డిజైన్‌తో 2008లో వచ్చింది. వాల్వుల కాడల వెంట ఆయిల్ దిగకుండా ఆపే వాల్వ్ స్టెమ్ సీళ్లు పాడవడం, ఆయిల్ తాగడం, రబ్బరు గొట్టాలు పెళుసెక్కడం దానితోనే వచ్చాయి. అంతకుముందు టర్బో లేని ఎన్62కూ వాల్వ్ సీళ్ల జబ్బు ఉంది. కొత్తగా కొన్నప్పుడు ఎంత ఖరీదైన బండో, రిపేరు ఖర్చు ఈరోజుకీ ఆ స్థాయిలోనే ఉంటుందన్నది పాత వీ8 కొనేవారు మరిచిపోయే విషయం. బండి ధర పడిపోతుంది, భాగాల ధర పడిపోదు.

మరి నమ్మదగినవి లేవా అంటే ఉన్నాయి. బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఇంజిన్లలో టర్బో లేని ఎన్52, తరువాత 2015లో వచ్చిన బి58 నేను ధైర్యంగా చెప్పే పేర్లు. ఎన్52లోనూ విద్యుత్తుతో తిరిగే వాటర్ పంపు ముందస్తు సూచన లేకుండా ఆగిపోతుంది, వాల్వ్ కవర్ గాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్ కారుతాయి. కానీ అవి ముందే ఊహించి చేయించుకోగల పనులు, ఇంజిన్‌ను చంపే జబ్బులు కావు. లెక్సస్ ఈఎస్ హైబ్రిడ్‌లోని 2.5 లీటర్ల ఇంజిన్, 3.5 లీటర్ల వీ6లు ఈ జాబితాలో పైన ఉంటాయి. అయితే లెక్సస్ అనగానే కళ్లు మూసుకోవద్దు. ఐఎస్250లోని 2.5 లీటర్ల వీ6 ఇంధనాన్ని సిలిండర్లోకే నేరుగా చిమ్ముతుంది కాబట్టి ఇంటేక్ వాల్వుల మీద పెట్రోల్ పడదు, అవి కడుక్కోవు, కార్బన్ పేరుకుంటుంది. అదే కంపెనీ ఐఎస్350లోని 3.5 లీటర్ల ఇంజిన్‌లో పోర్టులోనూ సిలిండర్లోనూ రెండు చోట్లా ఇంజెక్టర్లు ఉండటం వల్ల ఆ ఇబ్బంది లేదు. ఒకే ఆకారం, పక్కపక్క మోడళ్లు, రెండు వేర్వేరు జాతకాలు. ఇంజిన్ కోడ్ చూడమని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. నేరుగా మాత్రమే చిమ్మే పెట్రోల్ ఇంజిన్లన్నిటిలోనూ ఈ కార్బన్ పొర వస్తుంది. ఐడిల్‌లో వణుకు, చల్లగా ఉన్నప్పుడు మిస్‌ఫైర్ దాని లక్షణాలు. అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు, అది పెద్ద భయపడవలసిన పని కాదు.

బండి చూసే రోజు గురించి ఇప్పుడు కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. రాత్రంతా ఆగిన ఇంజిన్‌నే చూడాలి. "మీరు వచ్చేవరకు స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పినా, వెళ్లిన వెంటనే బానెట్ తీసి రేడియేటర్ పై గొట్టం పట్టుకోండి. చేతికి వెచ్చగా తగిలితే ఉదయమే ఒకసారి నడిపారని అర్థం. ఇంకా నమ్మకమైన దారి, స్కానర్ తగిలించి ఇగ్నిషన్ మాత్రమే ఆన్ చేసి, కూలెంట్ ఉష్ణోగ్రతను, లోపలికి పీల్చే గాలి ఉష్ణోగ్రతను పోల్చడం. రాత్రంతా ఆగిన బండిలో రెండు అంకెలూ రెండు మూడు డిగ్రీల తేడాతో పక్కపక్కనే ఉంటాయి. కూలెంట్ 48, గాలి 29 అని చూపిస్తే మీ కోసం ఇంజిన్‌ను ముందే వేడిచేసి పెట్టారు. అమ్మేవారిని నిందించకుండా, మరుసటి రోజు ఉదయం మళ్లీ వస్తామని చెప్పి వెనక్కి రండి.

స్టార్ట్ చేసే ముందు కిటికీలన్నీ దించండి, ఏసీ, పాటలు ఆపండి, ఒకరు స్టార్ట్ చేస్తుంటే మీరు ఇంజిన్ దగ్గర నిలబడండి. మొదటి రెండు క్షణాలే ముఖ్యం. టెన్షనర్‌లోకి ఆయిల్ చేరేలోపు వదులు చైన్ కవరుకు తగిలి, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు గలగలమంటుంది, ఆ వెంటనే ఆగిపోతుంది. ఆగిపోయింది కదా అని ఊరుకోకండి. మీ ఎన్47 విషయంలో ముందు నిలబడితే వినబడదు. డ్రైవరు సీటు వైపు, ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న అడ్డుగోడకు దగ్గరగా చెవి పెట్టాలి, లేదా బండిని లిఫ్ట్ మీద ఎక్కించి గేర్‌బాక్స్ కలిసే చోట వినాలి. ఆ తరువాత ఆక్సిలరేటర్ కొద్దిగా తొక్కి 1,500 నుంచి 2,000 ఆర్‌పీఎం మధ్య నిలిపి ఉంచితే, అరిగిన చైన్ గీసుకుంటున్నట్టు ఒక సన్నని రొద డీజిల్ శబ్దం కింద వినబడుతుంది. చైన్ బాగున్న అదే మోడల్‌ను ముందు ఒకసారి విని ఉంటే ఈ తేడా పట్టుకోవడం తేలిక, అందుకే ఒకే బండి చూసి తీర్మానించవద్దని అంటాను.

స్కానర్‌లో తప్పు కోడ్లు లేవు అన్నంత మాత్రాన సంతోషించకండి. నిన్న చెరిపేస్తే ఈరోజు ఉండవు. సాధారణ స్కానర్‌లోనే "కోడ్లు చెరిపిన తరువాత తిరిగిన దూరం" అని ఒక విలువ ఉంటుంది, దాన్ని తెరవండి. 12 కిలోమీటర్లు అని చూపిస్తే బండిని మీ కోసం కడిగినట్టే కంప్యూటర్‌నూ కడిగారు. ఉద్గారాల స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని చూపినా అర్థం అదే. క్రాంక్, క్యామ్ స్థానాల మధ్య పొంతన లేదని చెప్పే పి0016 కోడ్ పాత చరిత్రలో ఎక్కడ కనిపించినా ఆ బేరం అక్కడితో ఆపండి. కంపెనీ స్కానర్ ఉన్న చోట క్యామ్ ఎన్ని డిగ్రీలు పక్కకు జరిగిందో అంకెలో చూడవచ్చు. చైన్ అరుగుదలను ఇంజిన్ విప్పకుండా కొలిచే మార్గాలలో నాకు తెలిసినంతలో ఇదే ఉత్తమం. ఓడోమీటర్ అంకెను కూడా అక్కడే సరిచూడండి. దూరం మీటరులో మాత్రమే కాక గేర్‌బాక్స్ కంప్యూటర్‌లోనూ, ఇతర యూనిట్లలోనూ, కొన్ని బళ్లలో తాళంచెవిలోనూ నమోదై ఉంటుంది. మీటరు వెనక్కి తిప్పినవారు అన్ని చోట్లా తిప్పడం మరిచిపోతారు.

పొగను చూసేటప్పుడు ఎప్పుడు వచ్చిందన్నది రంగుతో సమానంగా ముఖ్యం. ఇంజిన్ బాగా వేడెక్కాక పది పదిహేను నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఒకసారి గట్టిగా ఆక్సిలరేటర్ తొక్కించి వెనుక నిలబడండి. అప్పుడొక నీలిపొగ మేఘం వచ్చి తేలిపోతే వాల్వ్ స్టెమ్ సీళ్లు. ఎక్కు రోడ్డు మీద బరువుతో లాగుతున్నప్పుడు నీలిపొగ ఆగకుండా వస్తే రింగులు, లేదా టర్బో. తియ్యని వాసనతో తెల్లపొగ ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా వస్తే కూలెంట్ సిలిండర్లోకి పోతోంది. ఈ అనుమానం ఉంటే కూలెంట్ డబ్బా మూత మీద పెట్టి చేసే రసాయన పరీక్ష ఉంది. నీలిరంగు ద్రవం పసుపుగా మారితే సిలిండర్ వాయువులు కూలెంట్‌లోకి వస్తున్నాయి, అంటే హెడ్ గాస్కెట్ పోయినట్టు.

డీజిల్‌లో ప్లాస్టిక్ కవరు తీసి ఇంజెక్టర్ల మొదళ్లు చూడండి. తారు పూసినట్టు నల్లగా గట్టిపడి ఉంటే అడుగున రాగి వాషర్ కారుతోంది, ఆ ఇంజెక్టర్ అంత తేలిగ్గా బయటికి రాదు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) ఉన్న ఇంజిన్‌లో ఆయిల్ గరిష్ఠ గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే, బండి చిన్న చిన్న దూరాలకే తిరిగిందని అర్థం. మసి ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేయడానికి ఇంజిన్ అదనంగా చిమ్మిన డీజిల్, ఆ పని మధ్యలో ఆగిపోతున్న కొద్దీ సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే తక్కువ తిరిగిన డీజిల్ బండి అనగానే మురిసిపోవడానికి లేదు. హైవే మీద 1,50,000 తిరిగినదాన్ని నేను ఎంచుకుంటాను. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపేముందు చల్లబరిచే ఈజీఆర్ కూలర్ మరొకటి. బీఎండబ్ల్యూ డీజిళ్లలో అది లోపల కారి, కూలెంట్, మసి కలిసి అంటుకుని మంటలు వచ్చిన ఘటనల తరువాత 2018లో దక్షిణ కొరియాలో మొదలై అనేక దేశాల్లో బళ్లను వెనక్కి పిలిచారు. మీరు చూస్తున్న 3 సిరీస్‌కు ఆ పని జరిగిందా లేదా అన్నది ఛాసిస్ నంబరుతో తేల్చుకోండి.

కాగితాల విషయానికి వస్తే, సర్వీసు పుస్తకంలో ముద్రలు నాకు పెద్దగా అక్కరలేదు, ఆయిల్ బిల్లులు కావాలి. చాలా యూరప్ బళ్ల కంప్యూటర్లు ఆయిల్ మార్పును 25,000 నుంచి 30,000 కిలోమీటర్ల వరకు లాగనిస్తాయి. వారంటీ కాలంలో ఖర్చు తక్కువని చూపించడానికి అది బాగుంటుంది గానీ, మీరు కొనే పదేళ్ల ఇంజిన్‌కు అది మంచిది కాదు. 10,000 కిలోమీటర్లకో, ఏడాదికో మార్చిన దాఖలా ఉన్న బండికి మార్కెట్ ధర కంటే కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. బిల్లులో ఆయిల్ రకం కూడా చూడండి. మసి ఫిల్టర్ ఉన్న బీఎండబ్ల్యూ డీజిల్‌కు లాంగ్‌లైఫ్-04, ఆడీ పెట్రోల్‌కు 504 00, డీజిల్‌కు 507 00, మెర్సిడెస్ డీజిల్‌కు 229.51 వంటి ఆమోదం ఉండాలి. "సింథటిక్ ఆయిల్" అని మాత్రమే రాసి ఉన్న బిల్లు ఏమీ చెప్పదు. ఒకే ఏడాదిలో ఆయిల్ డబ్బాల చిల్లర బిల్లులు మూడు నాలుగు కనిపిస్తే, ఆ ఇంజిన్ తాగుతోంది.

ఇంత చూశాక కూడా మనసు ఆగకపోతే, సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించండి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి. పెట్రోల్‌లో ప్లగ్ రంధ్రం గుండా చిన్న కెమెరా దించితే పిస్టన్ పైభాగం, సిలిండర్ గోడ కనబడతాయి. మీ ఆడీకి నేనైతే ఈ కెమెరా పరీక్ష తప్పనిసరి అంటాను. పిస్టన్ తల మీద నల్లగా తడి పొర ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. టర్బో సంగతి సంక్షిప్తంగా: ఇంటేక్ గొట్టం విప్పి చక్రాన్ని వేలితో పక్కకు నెట్టండి, కవరుకు తగిలేంత ఆట ఉండకూడదు.

మీ రెండు బళ్లకు వస్తే, ఆడీకి మార్చిన టెన్షనర్, పిస్టన్లు వేసిన బిల్లు రెండూ లేకపోతే దాన్ని చూడటానికి వెళ్లడం కూడా దండగ అనుకుంటాను. రెండూ ఉంటే మాత్రం అది మంచి బేరమే, ఎందుకంటే దాని పెద్ద జబ్బులు రెండూ వేరొకరి ఖర్చుతో తీరిపోయాయి. బీఎండబ్ల్యూ డీజిల్‌ను చల్లటి ఇంజిన్‌తో విని, క్యామ్ కోణం చూసి, ఫిల్టర్ కోసి, మూడిటిలోనూ నెగ్గితే తీసుకోవచ్చు. అయినా చైన్ పనికి కావలసిన డబ్బును బండి ధరలో కలిపే లెక్కవేసుకోండి, ఆ లెక్కకు మీ బడ్జెట్ సరిపోకపోతే వదిలేయండి. ఏడాదికి మీరు తిరిగేది తక్కువే అయితే డీజిల్ ఆలోచనే మానుకుని, ఎన్52 ఉన్న పాత 5 సిరీస్‌నో, లెక్సస్ హైబ్రిడ్‌నో చూడమంటాను. ఏది కొన్నా మొదటి వారంలోనే ఆయిల్, ఫిల్టర్ మార్పించి, తీసిన ఫిల్టర్‌ను పారేయనివ్వకుండా మీ కళ్లెదుటే కోయించండి. ఆ తరువాత 3,000 కిలోమీటర్లకు మళ్లీ ఒకసారి మార్పించి రెండో ఫిల్టర్‌నూ కోయించండి.